ముద్ర పడని బరువులు

కాటా మీద అంకె కుదుటపడేదాకా గ్రాములమ్మ ఎవరితోనూ మాట్లాడదు. యజమాని వచ్చి నిలబడ్డా అంతే, కొంపలంటుకున్నాయని ఎవరు పరిగెత్తుకొచ్చినా అంతే. అందుకే ఆ సోమవారం పొద్దున బరువులెత్తేవాళ్ళ సంఘం సెక్రెటరీ నీలం కోటు వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని ఫౌండ్రీలోకి వచ్చి, రెండుసార్లు దగ్గి, మూడోసారి "అమ్మాయ్" అని గట్టిగా పిలిచినా ఆమె తల తిప్పలేదు.

కాటా మీద ఇరవై కిలోల ప్లేటు ఉంది. పోత పోసి, రబ్బరు తొడిగి తెచ్చిన ప్లేటు ఎప్పుడూ సరిగ్గా ఇరవై తూగదు. దాని వెనకవైపు బొటనవేలు పట్టేంత గుంట ఉంటుంది. తక్కువైతే అందులో సీసం ముక్కలు వేయాలి, ఎక్కువైతే ఉన్న సీసాన్ని తోడెయ్యాలి. పది గ్రాములు తగ్గినా, ఇరవై గ్రాములు పెరిగినా పోటీల నిబంధన ఒప్పుకుంటుంది. ఈమె ఒప్పుకోదు. తేడా సున్నా రావాల్సిందే. అలా అసలు పేరు మూలపడి, గ్రాములమ్మ అన్న పేరు ఫౌండ్రీ అంతా నిలిచిపోయింది. "కూరలో ఉప్పు కూడా కాటా వేసే వేస్తావా గ్రాములమ్మా?" అని ప్యాకింగు వాళ్ళు ఏడిపిస్తే, "మీ బుర్రలైతే కాటా అక్కర్లేదు, అరచేత్తో తూచేస్తా" అనేది.

అంకె నిలిచింది. సీసం మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేసి గుంట పూడ్చి, పైన ఉక్కు ముద్ర ఆనించి ఒక్క గుద్దు గుద్దింది. వలయం మధ్య పదిహేడు. అది ఆమె నంబరు. అప్పుడు చేతులు తుడుచుకుంటూ ఇటు తిరిగింది.

"చెప్పండి సార్."

"చెప్పేదేముందమ్మా, నీకు తెలిసిందే." సెక్రెటరీ ఫైలు తెరిచి ఒక కాగితం కాటా అంచున పెట్టాడు. "జట్టులో అందరి దగ్గరా తీసుకుంటున్నాం. ఇక్కడ ఒక సంతకం."

తెలిసిందే. పోయిన బుధవారం రేడియోలో చెప్పారు. మన ఓడ మీద పనిచేసే నావికులు ఈసారి ప్రపంచ ఆటలు జరిపే దేశపు రేవులో సమ్మెలో కూర్చున్నారని పట్టుకుపోయి పద్నాలుగు నెలలుగా జైల్లో పెట్టారు. వాళ్ళని వదిలేదాకా ఆ దేశంలో జరిగే ఆటలకు మన జట్టు వెళ్ళదు. ఆటలు ఇంకో మూడు వారాల్లో మొదలవుతాయి. యాభై తొమ్మిది కిలోల తరగతిలో గ్రాములమ్మకి దేశంలో ఎదురులేదు. ముప్పై ఒకటి నిండాయి. మళ్ళీ ఆటలు వచ్చేసరికి ముప్పై అయిదు. ఆ వయసులో ఆ బరువు ఎత్తినవాళ్ళని ఆమె చూడలేదు.

ఆమె కాగితం చదివింది. చదవడం కూడా తూచినట్టే, ఒక్కో మాటా.

"స్వచ్ఛందంగా అని రాశారేంటి సార్?"

"అంటే నీ అంతట నువ్వే తప్పుకుంటున్నావని."

"ఆ మాట అర్థం తెలుసు. నన్ను ఎవరన్నా అడిగారా? రేడియోలో విన్నాను."

సెక్రెటరీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పై నుంచి అలాగే టైపు కొట్టి పంపారమ్మా. నేను చేసేదేముంది? అయినా నీకంటే ఎవరికి తెలుసు? మీ బావగారే ఆ జైల్లో ఉన్నారాయె. దేశం నీ త్యాగాన్ని మరిచిపోదు."

"నన్ను మరిచిపోయినా ఫర్వాలేదు సార్. మా బావని మరిచిపోకండి."

సంతకం పెట్టింది. సెక్రెటరీ కాగితం ఆరేదాకా ఊది, ఫైల్లో పెట్టుకుని, ఆమె భుజం తట్టబోయి, ఆ భుజాన్ని చూసి ఎందుకో మానుకుని వెళ్ళిపోయాడు. పైకి అనలేదు గానీ ఆమెకి ఒళ్ళు మండిపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, తను ఎనిమిదేళ్ళు కూడబెట్టుకున్నది తీసి వాళ్ళు ప్రపంచానికి దానం చేస్తున్నారు. పైగా తనే చేసినట్టు సంతకం. సరే, బావ వస్తాడంటే అదీ ఇచ్చేద్దాం అనుకుంది. ఇంకో ప్లేటు లేపి కాటా మీద పెట్టింది.

అక్క ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పనిచేస్తుంది. సాయంత్రం ఇద్దరూ దాదాపు ఒకేసారి ఇల్లు చేరతారు. రెండు గదులు, ఒక కిటికీ. కిటికీ పక్క మేకుకి బావ చొక్కా ఒకటి వేలాడుతూ ఉంటుంది. అక్క దాన్ని వారానికోసారి ఉతికి, ఇస్త్రీ చేసి మళ్ళీ అక్కడే తగిలిస్తుంది. వేసుకునే మనిషి లేని చొక్కా ఎందుకు మాస్తుందే అని అడిగితే, దుమ్ము పడుతుందిగా అంటుంది. పద్నాలుగు నెలల్లో రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింటిలోనూ సగం వరుసల మీద నల్లసిరా పూసి ఉంది. గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినలేదు.

"సంతకం పెట్టేశానక్కా" అంది గ్రాములమ్మ చెప్పులు విప్పుతూ.

అక్క పొయ్యి దగ్గరే ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. కంచాలు పెట్టింది. ఎనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో చెల్లెలి కంచంలో పడే ప్రతి మెతుకుకీ లెక్కుంది. పోటీకి ముందు యాభై తొమ్మిది దాటకూడదని ఒక గరిటె అన్నం, దానికి తగ్గ కూర. పక్కింట్లో పెళ్ళయినా అంతే, జ్వరం వచ్చి లేచినా అంతే. "నీకు వడ్డించడం కంటే మందుల కొట్లో పనిచేయడం సుఖమే" అని అక్క విసుక్కునేది.

ఆ రోజు అక్క ఒక గరిటె వేసింది. ఆగింది. ఇంకో గరిటె వేసింది.

"తిను. ఇంక తూకం చూసుకోనక్కర్లేదుగా."

గ్రాములమ్మ కంచం వంక చూస్తూ కూర్చుంది. సెక్రెటరీ ముందు రాని ఏడుపు అప్పుడొచ్చింది. అక్కకి కూడా వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు. ఆ రెండో గరిటె అన్నం ఎంత తిన్నా తరగలేదు.

"వదిలేస్తారంటావా?" అంది అక్క చివరికి.

"దేశం దేశమంతా ఆగిపోయిందక్కా మీ ఆయన కోసం. వదలకేం చేస్తారు?"

ఆ మాట తను నమ్ముతోందో లేదో గ్రాములమ్మ అప్పటికి తూచి చూసుకోలేదు.

మంగళవారం మేనేజరు స్వయంగా కాటా దగ్గరికి వచ్చాడు. మంచివాడే, తన పని చెడనంతవరకు. చేతిలో జాబితా ఉంది.

"ఆ కాలేజీ వాళ్ళవి పక్కన పెట్టమ్మా. రెండో షెడ్డులో ఎనభై ప్లేట్లున్నాయి చూడు, అవి పూర్తిచెయ్యాలి. శుక్రవారం లారీ వస్తుంది."

రెండో షెడ్డులో ఎనభై. ఎర్రవి, నీలంవి, పసుపువి, పచ్చవి. ఆటల కోసం ఏడాది కిందట వచ్చిన ఆర్డరు. అందులో సగం ఇప్పటికే ముద్ర పడి పెట్టెల్లోకి ఎక్కింది. మిగిలిన సగమే ఈ ఎనభై. ప్రకటన వచ్చిన రోజు నుంచి వీటికి గోనె కప్పి ఉంచారు. ఆర్డరు రద్దయిపోయిందనే అందరూ అనుకున్నారు. ఆ ప్లేట్లు తూచేటప్పుడు గ్రాములమ్మ ఒక్కోదాన్ని చేత్తో తట్టి, "అక్కడ కలుద్దాం" అనుకునేది. ఎవరూ వినకుండానే లెండి. వింటే నవ్వి చంపేవాళ్ళు.

"ఎక్కడికి పోతున్నాయి సార్ ఇవి?"

"ఎక్కడికేమిటి? ఆర్డరు ఇచ్చినవాళ్ళకే."

"ఆటలకా?"

మేనేజరు జాబితా వైపు చూస్తూ తలాడించాడు.

"మేం వెళ్ళకూడదు గానీ ఇవి వెళ్ళొచ్చా?"

"అది వేరు, ఇది వేరమ్మా. అది ఆట, ఇది వ్యాపారం. ప్రభుత్వం ఆటలకు వెళ్ళొద్దంది గానీ సరుకు పంపొద్దనలేదు. నేను కనుక్కున్నాను కూడా. మన సిమెంటు పోవట్లేదా? గాజు పోవట్లేదా? ఆ స్టేడియం కట్టిందే సగం మన సిమెంటుతో."

గ్రాములమ్మ చేతిలో సుత్తి ఉంది. దాన్ని కాటా పక్కన, చప్పుడు కాకుండా పెట్టింది.

"అంటే వాళ్ళకి ఎత్తడానికి బరువులు కావాలి. అవి పంపుతాం. ఎత్తే మనిషిని మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి, మా బావని వదిలించడానికే అని చెబుతాం. నేనొక్కదాన్ని పోకపోతే వాళ్ళకేం నొప్పి సార్? ఇంకో పిల్ల ఎత్తుతుంది, ఇవే ప్లేట్లు."

"నాతో ఎందుకమ్మా ఈ వాదన? నేనేమన్నా మంత్రినా?"

"కాదు. నేనూ కాదు. కానీ ఈ ముద్ర నాది. నేను వెయ్యను."

ప్యాకింగు వాళ్ళు మేకులు కొట్టడం ఆపేశారు. పోటీలకు వెళ్ళే ప్రతి ప్లేటు మీదా తూచినవాళ్ళ ముద్ర ఉండి తీరాలి. ముద్ర లేనిదాన్ని వేదిక దగ్గరికి కూడా రానివ్వరు. ఆ ముద్ర వేసే అనుమతి కార్డు ఈ ఫౌండ్రీలో ఇద్దరికే ఉంది. ఒకటి గ్రాములమ్మకి. రెండోది ఆమెకి పని నేర్పిన ముసలి మేస్త్రికి. కొత్తగా కార్డు తెప్పించుకోవాలంటే నెల పడుతుంది.

మేనేజరు ఆమెని తిట్టలేదు. "నీ ఉద్యోగం ఎక్కడికి పోతుందో ఆలోచించుకో" అని మాత్రం అని, మేస్త్రికి కబురు పంపాడు.

మధ్యాహ్నానికి మేస్త్రి వచ్చాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కాటా ముందు కూర్చుని, దాని అంచుల్ని చేత్తో తడిమి, తన పాత ముద్ర జేబులోంచి తీశాడు. ఎవరో ఎర్ర ప్లేటు ఎత్తి కాటా మీద పెట్టారు. మేస్త్రి మొహం అంకెకి జానెడు దూరంలో పెట్టి చూశాడు. కళ్ళు చికిలించాడు. తర్వాత మొహం ఎత్తి పిలిచాడు.

"అమ్మాయ్, ఎంతుందో చదువు."

"నేను చదవను మేస్త్రీ."

"చదవవా?"

"చదవను."

మేనేజరు ముందుకొచ్చాడు. "నేను చదువుతాను మేస్త్రీ. ఇరవై అయిదు, ఆరు గ్రాములు ఎక్కువ."

"నువ్వు చదివితే ముద్ర నీది వెయ్యాలి బాబూ" అన్నాడు మేస్త్రి. "చూడకుండా గుద్దితే అది ముద్ర కాదు, మరక. నా కళ్ళు పోయాయి గానీ చెయ్యి ఇంకా పోలేదు." ముద్ర మళ్ళీ జేబులో వేసుకుని, టీ ఇప్పిస్తారా అని అడిగి, తాగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం గేటు దగ్గర ప్యాకింగు వాళ్ళలో ఒకడు వెంటపడ్డాడు. "పిచ్చి గ్రాములమ్మా, ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుంటావు? ముద్ర వేసెయ్. లోపల మాత్రం ఒక్కోదానికి పావుకిలో సీసం ఎక్కువ దట్టించు. అక్కడ ప్రపంచం ముందు వాళ్ళ పరువు గంగలో కలుస్తుంది."

గ్రాములమ్మ ఆగి అతని కళ్ళలోకి చూసింది. "ఆ బరువు కింద నిలబడే పిల్ల ఎవరి కూతురో నీకు తెలుసా? అది నాలుగేళ్ళు ఏం తిందో, ఏం మానేసిందో తెలుసా? ఆ మాట ఇంకోసారి అంటే నిన్నే ఎత్తి కాటా మీద పడేస్తా."

ఇంట్లో మాత్రం కథ అడ్డం తిరిగింది. విన్న వెంటనే అక్క గుండె పట్టుకుని కూర్చుంది.

"నీకేమన్నా మతిపోయిందా? వాళ్ళ చేతుల్లో ఉన్నాడే ఆయన! నువ్విక్కడ పౌరుషం చూపిస్తే అక్కడ ఆయన ఒంటి మీద చూపిస్తారు. వేసెయ్. రేపు పొద్దున్నే వెళ్ళి అన్నీ వేసెయ్."

"మరి నేను ఆటలు మానేస్తే ఏం చెయ్యరా?"

"అది దేశం చేసింది. దేశాన్ని ఏం చేస్తారు? ఇది నువ్వు చేస్తున్నావు. నీ పేరు, నీ నంబరు ఉంటాయి దాని మీద."

గ్రాములమ్మకి అక్క భయంలో తప్పేమీ కనపడలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి అంది, "అక్కా, నేను సంతకం పెట్టి వారమయినా మనింటికి ఒక్క ఆఫీసరన్నా వచ్చాడా? ఒక్క ఉత్తరమన్నా వచ్చిందా? నా ఎనిమిదేళ్ళకి వాళ్ళు వేసిన ఖరీదు అంతే. ఈ ప్లేట్లకి ఎంత ఖరీదు వేస్తారో చూడనీ. నీకు అంత భయంగా ఉంటే శుక్రవారం పొద్దున వేసేస్తాను. అప్పటిదాకా ఆగు."

"వారం కాలేదు, నిన్ననే పెట్టావు" అంది అక్క కన్నీళ్ళు తుడుచుకుంటూ.

"నిన్ననేనా? నాకు ఏడాదయినట్టుంది."

బుధవారం గ్రాములమ్మ పనిలోకి వెళ్ళి కాలేజీ ప్లేట్లు తూచింది. రెండో షెడ్డు వైపు వెళ్ళలేదు. మేనేజరు గదిలో ఫోను మోగుతూనే ఉంది. మధ్యాహ్నం అతను బయటికొచ్చి, కాటా మీద అంకె కుదుటపడేదాకా నిలబడి, అప్పుడు మాట్లాడాడు. అలా అతను ఆగడం అదే మొదటిసారి.

"అక్కడి ఆటల సంఘం వాళ్ళతో మాట్లాడాను. వాళ్ళకి వేరే చోట దొరకవు, టైము లేదు. నీకేం కావాలో అడగమన్నారు."

గ్రాములమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. ఎనిమిదేళ్ళలో సంఘంగానీ ప్రభుత్వంగానీ ఆమెని ఆ మాట అడగలేదు.

"మా బావని వదలమనండి."

"అది వాళ్ళ చేతుల్లో లేదు. అడిగాను. అంతకంటే చిన్నది అడుగు."

చిన్నది. అక్క ప్రతి రోజూ నిద్ర లేచి ఏమంటుందో ఆమెకి తెలుసు. కలలో కూడా ఆయన గొంతు వినపడట్లేదే, మరిచిపోతున్నానేమో.

"మా అక్కతో ఫోన్లో మాట్లాడించమనండి" అంది.

గురువారం సాయంత్రానికి జవాబు వచ్చింది. శుక్రవారం పది గంటలకి, మేనేజరు గదిలోకే, అయిదు నిమిషాలు. దానికి ముందు నలభై ప్లేట్ల మీద ముద్ర పడాలి. మిగతా నలభై తర్వాత. అక్క ఫౌండ్రీకి వచ్చి ఆ మాట తన చెవులతో విని, మేనేజరు చేతులు రెండూ పట్టుకుని, "అలాగే బాబూ, అన్నీ వేయిస్తాను, నాదీ పూచీ" అంది. గ్రాములమ్మ పక్కనే ఉంది. అక్క మొహంలో ఆ వెలుగు చూశాక ఎవరు మాత్రం కాదంటారు?

శుక్రవారం తెల్లవారగానే గ్రాములమ్మ రెండో షెడ్డులో గోనె తీసింది. నలభై ప్లేట్లు. తొందరపడలేదు. తుడిచింది, పెట్టింది, ఆగింది, సీసం వేసింది, తీసింది, పూడ్చింది, గుద్దింది. కోపం మీద పని చేస్తే అంకె ఊగుతుందని మేస్త్రి చెప్పేవాడు. ఆ రోజు ఆమెకి కోపం లేదు. తొమ్మిదిన్నరకి నలభయ్యోది దించింది. గేటు దగ్గర లారీ వచ్చి ఆగింది.

అక్క తల దువ్వుకుని, మంచి బట్టలు వేసుకుని వచ్చింది. "ఫోన్లో ఎవరు చూస్తారే?" అని గ్రాములమ్మ నవ్వింది. "నువ్వూరుకో" అంది అక్క. ఆమె గుప్పిట్లో చీటీ ఉంది. అడగాల్సినవన్నీ వరసగా రాసుకుంది. దగ్గు తగ్గిందా, పళ్ళనొప్పి ఏమయింది, దుప్పటి ఇచ్చారా, రెండో ఉత్తరంలో నల్లసిరా కింద ఏముంది.

పది దాటి ఆరు నిమిషాలకి ఫోను మోగింది. మేనేజరు తనూ వినాలన్నాడు. అది అవతలివాళ్ళ షరతట. స్పీకరు నొక్కాడు. ముందు ఎవరిదో పరాయి గొంతు ఏదో అంది. తర్వాత గరగరా శబ్దం. ఆ వెనక ఒక మనిషి.

"హలో?"

అక్క నోరు తెరిచింది.

"హలో, ఎవరు?"

"నేనేనండీ" అంది అక్క, అంతే. చీటీ చేతిలోనే నలిగిపోయింది. ఏడుపు ఆగలేదు. అవతల ఆయన, "ఏడవకు. ఏడవకే. తిన్నావా?" అన్నాడు. మళ్ళీ అదే అన్నాడు, "తిన్నావా?" గోడ గడియారంలో ముల్లు కదులుతోంది. మేనేజరు తల దించుకుని బల్ల మీద కాగితాలు సర్దుతున్నాడు.

బావ గొంతు హఠాత్తుగా మారింది. "ఇటు విను. నువ్వేమన్నా సంతకం పెట్టావా?"

"లేదండీ."

"నిజం చెప్పు. ఏమన్నా రాసిచ్చావా వీళ్ళకి? నాకొక్కడికే ఎందుకిచ్చారు ఫోను? మేం ముప్పై ఎనిమిది మందిమి ఉన్నాం ఒకే గదిలో. నిన్న వచ్చి నా పేరు ఒక్కటే పిలిచారు. అప్పటినుంచి నాతో ఎవరూ మాట్లాడట్లేదు. పక్కవాడు చాప అవతలకి జరుపుకున్నాడు. పద్నాలుగు నెలలు భుజానికి భుజం ఆనించి పడుకున్నవాడు, నేను వీళ్ళకి ఏదో చెప్పేశాననుకుంటున్నాడు."

అక్క భయంగా చెల్లెలి వైపు చూసింది. గ్రాములమ్మ ఫోను దగ్గరికి వంగింది.

"బావా, నేను."

"మరదలా!" ఆ ఒక్క మాటలో పాత బావ వినిపించాడు. "నీ పోటీ ఏ రోజు? ఇక్కడందరికీ చెప్పాను, మా మరదలు వస్తోంది, ఈ ఊళ్ళోనే ఎత్తుతుందని."

"రావట్లేదు బావా. మన జట్టే రావట్లేదు. మిమ్మల్ని వదిలేదాకా రామని చెప్పారు."

"ఎవరికి చెప్పారు?"

"రేడియోలో."

"ఇక్కడ మాకు రేడియో లేదే" అన్నాడు బావ. "మా కోసం నువ్వు మానేశావా? మాకు తెలియనే తెలియదు. మరి ఈ ఫోను?"

"ఆటలకు పోయే బరువుల మీద నా ముద్ర కావాలి. వెయ్యనన్నాను. ఏం కావాలన్నారు. ఇది అడిగాను."

"అడిగితే ఇచ్చారా?"

"ఇచ్చారు."

"అడిగింది నా ఒక్కడికేనా?"

మిగతా ముప్పై ఏడు మంది గ్రాములమ్మకి గుర్తుకే రాలేదు. గ్రాము పోనివ్వని మనిషికి ముప్పై ఏడు మంది మనుషులు లెక్కలోకి రాలేదు.

"ఇంకోసారి నా ఒక్కడి పేరు చెప్పకండి" అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నాడు. "చెబితే అందరి పేర్లూ చెప్పండి. లేకపోతే అసలు" అంటుండగానే ఫోను తెగిపోయింది.

మేనేజరు లేచి నిలబడ్డాడు. "సరేనమ్మా, మన మాట మనం నిలబెట్టుకుందాం. లారీ ఎదురుచూస్తోంది."

గ్రాములమ్మ కాటా దగ్గరికి నడిచింది. అక్క మాటిచ్చింది. ఇచ్చిన మాటకి తూకం తక్కువ చెయ్యడం ఆమెకి చేతకాదు. నలభై ఒకటో ప్లేటు ఎత్తి కాటా మీద పెట్టింది. అంకె ఊగింది. ఊగుతూ ఉంది. గాలి లేదు, ఎవరూ బల్లని ఆనుకోలేదు. ఆమె చెయ్యే ఇంకా ప్లేటు మీద ఉందని తర్వాత తెలిసింది. చెయ్యి తీసింది. నాలుగు గ్రాములు తక్కువ. సీసం ముక్క వేసి, పూడ్చి, ముద్ర అందుకోబోయింది.

ముద్ర అక్క చేతిలో ఉంది.

"ఇటివ్వక్కా."

"ఇవ్వను."

"నువ్వే పూచీ పడ్డావు."

"పడ్డాను. మాటిచ్చింది నేను. తప్పేదీ నేనే. నీకెందుకు ఆ పాపం?" అక్క ఆ ఉక్కు ముక్కని గుప్పిట్లో బిగించి, మేనేజరు గదిలోకి తిరిగి వెళ్ళింది. మూడు రోజుల కిందట గుండె పట్టుకుని కూర్చున్న మనిషేనా అని గ్రాములమ్మ వెనకాలే పరిగెత్తింది.

"ఇంకా ముప్పై ఏడు మంది ఉన్నారు బాబూ" అంటోంది అక్క. "ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. అంతా కలిపితే మూడు గంటల అయిదు నిమిషాలు. వాళ్ళకీ పెళ్ళాలున్నారు, తల్లులున్నారు. వాళ్ళందరికీ ఫోను వచ్చాకే ఈ నలభై."

"ఇదేంటమ్మా! నిన్న నా చేతులు పట్టుకుని ఏమన్నావు? మాట తప్పుతావా?"

"తప్పుతున్నాను."

"వాళ్ళు ఒప్పుకోరు."

"అడగండి."

"ఒప్పుకోకపోతే మీ ఆయనకి కూడా ఇంక ఫోను ఉండదు. ఇంకో ఉత్తరం కూడా రానివ్వకపోవచ్చు. తెలుసా నీకు?"

"తెలుసు" అంది అక్క. "తెలిసే అడుగుతున్నాను."

మేనేజరు ఆమె వంక చూశాడు, గుమ్మంలో నిలబడ్డ గ్రాములమ్మ వంక చూశాడు. గ్రాములమ్మ ఆ గుమ్మం నిండా ఉంది. బయట లారీ హారను కొట్టింది. మేనేజరు కిటికీలోంచి చెయ్యి ఊపి, ఇంజను ఆపెయ్యమన్నాడు. కుర్చీలో కూలబడి ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ బయటికొచ్చి షెడ్డులో ఖాళీ పెట్టె మీద కూర్చున్నారు. లోపల నంబరు నొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఒకసారి కలవలేదు. మళ్ళీ నొక్కుతున్నాడు. అక్క గుప్పిట ఇంకా తెరవలేదు. చెల్లెలు ఆ గుప్పిట మీద తన చెయ్యి వేసింది.

"చేసింది మంచిపనేనక్కా."

అక్క వినిపించుకోలేదు. నేలకేసి చూస్తోంది.

"అయిదు నిమిషాల్లో రెండు నిమిషాలు ఏడుపుకే పోయాయే" అంది. "రెండుసార్లు అడిగారు, తిన్నావా అని. విన్నావుగా? నేను ఒక్కసారి కూడా అడగలేదు."